బండి మీదున్న, దిగినంక చేస్తా

సాయంత్రం ఆరున్నర. హైదరాబాద్‌లో మీరు బండి మీద నారాయణగూడ దాటి చిక్కడపల్లి వైపు వస్తున్నారు. ముందు సిటీ బస్సు, ఎడమ పక్క సందు చూసుకుని దూరుతున్న ఆటో, కుడి పక్క వరసగా మెట్రో పిల్లర్లు. జేబులో ఫోన్ వణికింది. ఆగింది. మళ్లీ వణికింది. ఎవరై ఉంటారు? ఇంట్లో ఏమన్నా అయిందా? ఆఫీసు వాళ్లా?

ఫోన్ ఇంకా జేబులోనే ఉంది. మీ మనసు మాత్రం అప్పుడే రోడ్డును వదిలేసింది.

బండి నడుపుతూ ఫోన్ మాట్లాడకూడదని మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. లైసెన్సు తీసుకున్న నాటి నుంచి వింటున్నదే. మరి తెలిసి తెలిసి ఎందుకు ఎత్తుతున్నాం? మోగాక చూద్దాంలే అనుకుంటున్నాం కాబట్టి. మోగుతున్న ఫోన్‌ను పట్టించుకోకుండా ఉండడం ఎవరికైనా కష్టమే. ఎత్తాలా వద్దా అన్నది బండి తీయకముందే తేలిపోవాలి. ఇంకో సంగతి కూడా ఉంది. ప్రతి కాల్‌కూ రెండు కొసలుంటాయి. హ్యాండిల్ పట్టుకున్న మనిషికి బోలెడు జాగ్రత్తలు చెబుతాం. అవతల కూర్చుని నంబరు నొక్కే మనిషికి ఒక్కటీ చెప్పం. ఈ అధ్యాయంలో నేను ఎక్కువ సేపు మాట్లాడేది ఆ రెండో మనిషి గురించే.

ముందుగా ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో కాల్ లిస్టు తెరిచి, పోయిన వారం మీరు బండి మీద ఉన్న వేళల్లో వచ్చిన కాల్స్ చూడండి. ఎన్ని ఇంటి నుంచి? ఎన్ని "ఎక్కడున్నావ్?" అని అడగడానికి? పావుగంట ఆగితే కొంప మునిగేవి ఎన్ని? ఒక కాగితం మీద రాసుకుని పక్కన పెట్టుకోండి. దానితో తర్వాత పని ఉంది.

"మెల్లగానే పోతున్నా కదా!"

గంటకు 40 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 11 మీటర్లు. మెసేజ్ ఎవరిదో చూసి, రెండు ముక్కలు చదివి తలెత్తేసరికి 5 సెకన్లు ఇట్టే గడుస్తాయి. అంటే 55 మీటర్లు చూడకుండా నడిపారు. "ఈ ట్రాఫిక్‌లో నలభై ఎక్కడిదండీ, ఇరవై దాటదు" అంటారా? సరే, ఇరవైలోనే లెక్క వేద్దాం. 2 సెకన్లే చూపు తిప్పినా 11 మీటర్లు. మన రోడ్ల మీద ఆ 11 మీటర్లలో ఏమేం జరుగుతాయో మీకు నేను చెప్పాలా? సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర గ్రూప్స్‌కు చదివే పిల్లలు చంకలో పుస్తకాలు పెట్టుకుని టీ కోసం రోడ్డు దాటుతుంటారు. మెట్రో పిల్లర్ చాటున నిలబడ్డ మనిషి అడుగు ముందుకు వేసేదాకా మీకు కనిపించడు. చిక్కడపల్లి మార్కెట్ దగ్గర తోపుడుబండి మూరెడు పక్కకు జరుగుతుంది. సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్లలో ఆట వదిలారంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్డు అంతా జనమే. వేగం తక్కువగా ఉండే రోడ్ల మీద కళ్లకు పని ఎక్కువ.

చట్టం ఏమంటుందో రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌ను 2019లో సవరించారు. చేత్తో పట్టుకున్న ఫోన్ వాడుతూ నడపడం ఇప్పుడు ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందకే వస్తుంది. మొదటిసారి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. దారి చూసుకోవడానికి మాత్రం, అదీ నడిపేవారి ధ్యాస చెదరకుండా ఉంటేనే, ఫోన్ వాడుకోవచ్చని 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన చెబుతోంది. 2025 అక్టోబరులో హైదరాబాద్ పోలీస్ కమిషనర్ వి.సి. సజ్జనార్ ఆటో, క్యాబ్, బైక్ ట్యాక్సీ డ్రైవర్లకు ప్రత్యేకంగా హెచ్చరిక చేశారు. బండి నడుపుతూ వీడియోలు చూస్తే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే చర్యలు తప్పవన్నారు. ఒకప్పుడు సమస్య మాట్లాడడం వరకే. ఇప్పుడు నడుపుతూ వీడియోలు చూసేదాకా వచ్చింది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ చావుల్లో ఫోన్ వాడకం ఖాతాలో రాసినవి 3,395. గుద్దుకున్నాక, ఆ క్షణంలో ఫోన్ చూస్తున్నానని ఎవరు ఒప్పుకుంటారు? అసలు సంఖ్య ఇంతకన్నా పెద్దదేనని నా నమ్మకం.

మనం చేసే పొరపాట్లు

హెల్మెట్‌లో ఫోన్ ఇరికించడం. చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా అనిపిస్తుంది. తల తిప్పితే ఫోన్ జారుతుందేమోనని మెడ బిగపట్టి కూర్చుంటారు. పక్క నుంచి వచ్చే బండిని చూడడానికి తల తిప్పరు. జారిందా, రెండు చేతుల్లో ఒకటి హ్యాండిల్ వదిలేస్తుంది. భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి నడిపేవారి సంగతీ ఇంతే.

ఒక చెవిలో బడ్స్ పెట్టుకుని, "రెండో చెవి ఖాళీగానే ఉంది" అనడం. ఇక్కడ కొంచెం ఆగాలి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. చేయి ఖాళీగా ఉండడం ఒకటి, బుర్ర ఖాళీగా ఉండడం వేరొకటి. కెనడాలో రెడెల్‌మెయర్, టిబ్షిరానీ అనే ఇద్దరు పరిశోధకులు, ప్రమాదాలకు గురైన 699 మంది డ్రైవర్ల ఫోన్ బిల్లులను పరిశీలించి 1997లో తేల్చింది ఏమిటంటే, ఫోన్ మాట్లాడే సమయంలో ప్రమాదం జరిగే అవకాశం నాలుగు రెట్లు ఉంటుందని. చేత్తో పట్టుకోకుండా మాట్లాడినవారికి అందులో మేలేమీ కనబడలేదు. అవతలి మనిషి మీ చెల్లి పెళ్లి సంబంధం గురించి చెబుతుంటే మీ బుర్ర ఆ పెళ్లివారి ఇంట్లో ఉంటుంది గానీ, గోల్కొండ చౌరస్తాలో ఉండదు.

సిగ్నల్ దగ్గర తీసి చూడడం. "ఆగే ఉన్నాను కదా" అన్నది గట్టి వాదనలాగే వినిపిస్తుంది. కానీ చదివిన మెసేజ్ పచ్చ లైటు పడగానే బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోదు. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయం వారు 2015లో కార్లలో నోటిమాటతో నడిచే పరికరాల మీద పరీక్షలు చేస్తే, పని ముగిశాక కూడా ధ్యాస పూర్తిగా రోడ్డు మీదకు తిరిగి రావడానికి 27 సెకన్ల దాకా పట్టింది. నారాయణగూడ సిగ్నల్ దాటాక 27 సెకన్లలో మీరు ఎందాక వస్తారో ఒకసారి ఊహించుకోండి.

బండి తీసే ముందు

1. పార్కింగ్‌లోనే దారి పెట్టుకోండి. ఎక్కడికి వెళ్లాలో మ్యాప్‌లో కొట్టి, గొంతు వినపడేలా పెట్టుకోండి. గూగుల్ మ్యాప్స్ 2018 నుంచి తెలుగులోనూ దారి చెబుతోంది. చూడడం కంటే వినడం మేలు.

మన ప్రాంతంలో ఒక చిక్కుంది. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 2023 ఆగస్టులో స్టీల్ బ్రిడ్జి ప్రారంభించారు. నాయిని నర్సింహారెడ్డి గారి పేరు పెట్టారు. అది ఆర్టీసీ క్రాస్‌రోడ్డులో మెట్రో లైను మీదుగా పోతుంది. మీరు వంతెన మీద ఉన్నారో కింద ఉన్నారో ఫోన్ చాలాసార్లు పోల్చుకోలేదు. ఎక్కే చోటుకు వచ్చి, "ఎక్కాలా, కిందనుంచే పోవాలా" అని వేలితో తెరను జరుపుతూ నిలబడేవారిని, అక్కడే బ్రేకు వేసేవారిని రోజూ చూస్తాం. వెనక వచ్చేవాడికి మీ సందేహం ఎలా తెలుస్తుంది? ఆర్టీసీ క్రాస్‌రోడ్డు, చిక్కడపల్లి వైపు పని ఉంటే కింది దారి. నేరుగా వీఎస్టీ వైపు పోయేదుంటే పై దారి. ఇది ఇంటి దగ్గరే అనుకోండి. పొరపాటున ఎక్కేశారా? చివరిదాకా పోయి తిరిగి రండి. వంతెన మీద ఆపి ఫోన్ చూడడం మాత్రం వద్దు.

2. ఫోన్‌ను జేబులో పెట్టుకోకండి. ఒంటికి తగులుతుంటే ఆ వణుకే మిమ్మల్ని లాగుతుంది. స్కూటరైతే సీటు కింద, బైకైతే వీపు సంచిలో జిప్పు వేసి పెట్టండి. కారైతే వెనక సీటు మీద. తీయడానికి బండి ఆపక తప్పని చోటే దానికి సరైన చోటు.

3. డ్రైవింగ్ మోడ్ పెట్టండి. ఐఫోన్‌లో "ఫోకస్" కింద "డ్రైవింగ్" ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో కంపెనీని బట్టి "మోడ్స్" కిందనో, "డు నాట్ డిస్టర్బ్" కిందనో దొరుకుతుంది. అక్కడే ఒకే నంబరు నుంచి వెంటవెంటనే రెండోసారి కాల్ వస్తే మోగనిచ్చే ఏర్పాటు కూడా ఉంటుంది. ఐఫోన్‌లో 3 నిమిషాల్లోపు, ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు మళ్లీ చేస్తే మోగుతుంది. దాన్ని తప్పకుండా ఆన్ చేసుకోండి. "నిజంగా అత్యవసరమైతే ఎలా?" అన్న భయానికి ఇదే జవాబు. ఆ భయం తీరనంతకాలం మీరు ఫోన్‌ను సంచిలో పెట్టలేరు.

ఇప్పుడు రెండో మనిషి దగ్గరకు వద్దాం

4. మీకు ఫోన్ చేసేవాళ్లతో ముందే మాట్లాడుకోండి.

ఇందాక రాసుకున్న కాగితం తీయండి. అందులో ఎక్కువ పేర్లు మీ మీద ప్రేమ ఉన్నవారివే అయి ఉంటాయి. మీరు ఎత్తలేదని ఆదుర్దా పడి మళ్లీ మళ్లీ చేసేది వాళ్లే. ఆ ఆదుర్దా తీర్చకుండా మీరొక్కరే ఎన్ని నియమాలు పెట్టుకున్నా నిలవవు.

అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి చదువుకుంటూ, సాయంత్రం పూట బైక్ ట్యాక్సీ నడిపే ఒక అబ్బాయిని ఊహించుకోండి. ఊళ్లో అమ్మ పొద్దుగూకి పని తీరాక ఫోన్ చేస్తుంది. సరిగ్గా అప్పుడే అతను రోడ్డు మీద ఉంటాడు. రెండుసార్లు ఎత్తకపోతే ఆమెకు అన్నం సయించదు. అతను ఏం చేయాలి? ఖాళీగా ఉన్న ఒక పూట ఇలా మాట్లాడాలి:

"అమ్మా, ఆరింటి సంది తొమ్మిదింటి దాక నేను బండి మీద ఉంట. అప్పుడు ఎత్తకుంటే గాబరా పడకు."

"ఎత్తకపోతే నాకు పానం ఆగది బిడ్డా."

"అందుకే చెప్తున్ననే. ఎత్తలేదంటే బండి నడుపుతున్న అని మతలబు. తొమ్మిదింటికి హాస్టల్‌కు పోయినంక నేనే చేస్త, రోజూ చేస్త."

"మరి అర్జంట్ ఉంటె?"

"ఎంటెంటనే రెండుసార్లు చెయ్యి. రెండోసారి మోగితె పక్కకు ఆపి మాట్లాడుత."

ఇంతే. ఇందులో మూడు పనులు జరిగాయి, గమనించారా? ఎత్తకపోవడానికి అర్థం ఏమిటో ఆమెకు ముందే తెలిసింది. తిరిగి ఎప్పుడు చేస్తాడో ఒక వేళ ఏర్పడింది. ఆపదలో చేరుకునే దారి ఉంది. మూడూ ఉండాలి. ఒక్కటి తగ్గినా నాలుగు రోజులకే పాత పద్ధతి వచ్చేస్తుంది. ముఖ్యంగా రెండోది. తొమ్మిదింటికి చేస్తానని చేయకపోతే, మర్నాడు ఆరున్నరకే ఆమె ఫోన్ వస్తుంది. అప్పుడు తప్పు ఆమెది కాదు.

ఆఫీసులో పైవారితో ఎలా? "సార్, ఇప్పుడు బయల్దేరుతున్నాను. నలభై నిమిషాలు బండి మీద ఉంటాను. ఏడున్నరకు నేనే మీకు చేస్తాను." సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు కాకుండా మామూలుగా చెప్పండి. మీటింగ్‌లో ఉన్నానంటే అర్థం చేసుకునే మనిషి, బండి మీద ఉన్నానంటే ఎందుకు అర్థం చేసుకోడు? మనం ఎప్పుడూ చెప్పకపోవడం వల్లనే ఆయనకు ఆ అలవాటు లేదు.

ఇక కూరగాయల కాల్స్. "వచ్చేటప్పుడు కొత్తిమీర కూడా" అన్నది బండి మీద ఉన్న మనిషికి చెప్పాల్సిన మాట కాదు. వాట్సాప్‌లో రాసి పెట్టండి. ఆయన చిక్కడపల్లి మార్కెట్ దగ్గర బండి ఆపాక చూసుకుంటారు.

5. ఫోన్ చేసేది మీరైతే?

మొదటి ప్రశ్న "ఎక్కడున్నావ్?" కాకూడదు. "బండి మీదున్నావా?" కావాలి. అవునంటే వెంటనే పెట్టేయండి. "సరే సరే, ఒక్క మాట చెప్పి పెట్టేస్తా" అంటాం చూశారా, ఆ ఒక్క మాట రెండు నిమిషాలు నడుస్తుంది. హారన్లు వినపడుతూనే ఉన్నా మాట్లాడుతూనే ఉంటాం. అవతలి మనిషి మొహమాటపడి పెట్టేయలేరు. పెద్దవారు మీరైతే మరీనూ. మామగారు ఫోన్ చేస్తే ఏ అల్లుడు "తర్వాత చేస్తాను" అంటాడు? అందుకే పెట్టేసే బాధ్యత చేసినవారిదే.

ఫోన్ మీదే బతుకు నడిచేవారు

స్విగ్గీ, జొమాటో, ర్యాపిడో నడిపేవారికి "ఫోన్ సంచిలో పెట్టు" అని చెప్పడంలో అర్థం లేదు. వారి కూడు ఆ తెర మీదే ఉంది. వారికి వేరే పద్ధతులు కావాలి.

6. ఫోన్ హోల్డర్ హ్యాండిల్‌కు గట్టిగా బిగించి ఉండాలి. తెర మీద మ్యాప్ తప్ప ఇంకేమీ కనిపించకూడదు. వాట్సాప్ గ్రూపుల చప్పుడు, వీడియో యాప్‌ల నోటిఫికేషన్లు డ్యూటీ సమయానికి ఆపేయండి. కొత్త ఆర్డర్ మెరిసి, కొన్ని సెకన్లలో నొక్కకపోతే పోతుందని తెలుసు. పక్కకు ఆపే వీలుంటే ఆపి నొక్కండి. వీల్లేకపోతే ఆ ఒక్క ఆర్డర్ పోనివ్వండి. కాలు విరిగితే నెలల తరబడి ఆర్డర్లే ఉండవు. కస్టమర్ ఫోన్ చేస్తే ఆగాకే ఎత్తి, "అన్నా, బండి మీదున్న, మీ గల్లీకి వచ్చి నేనే చేస్తా" అనండి. చాలామంది సరేనంటారు.

7. కస్టమర్లుగా మనం చేయాల్సింది అంతకన్నా ఎక్కువ ఉందని నేననుకుంటాను. అశోక్‌నగర్ గల్లీలు ఎలా ఉంటాయో తెలుసు కదా! పక్కపక్కనే హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు, దగ్గరదగ్గరగా ఉండే పేర్లు, ఒకే మెట్ల మీద నాలుగు బోర్డులు. మీరు మ్యాప్‌లో గుర్తును రోడ్డు మీద పెట్టి వదిలేస్తే, ఆ కుర్రాడు బండి నడుపుతూ మీకు ఫోన్ చేయక ఏం చేస్తాడు? గుర్తు మీ గేటు మీదకు జరపండి. చిరునామాలో "లైబ్రరీ నుంచి ఎన్నో గల్లీ, కింద ఏ షాపు, ఎన్నో అంతస్తు" అని ఒక్కసారి రాసి భద్రం చేసుకోండి. అతని బొమ్మ మ్యాప్‌లో కదులుతుంటే "ఎక్కడిదాకా వచ్చావ్?" అని ఫోన్ చేయకండి. ఎక్కడిదాకా వచ్చాడో మీకు కనబడుతూనే ఉంది. మాట్లాడక తప్పదంటే యాప్‌లో మెసేజ్ పెట్టండి, ఆగినప్పుడు చూసుకుంటాడు.

ఆపి మాట్లాడాలంటే ఎక్కడ?

8. "పక్కకు ఆపి మాట్లాడండి" అని అందరూ అంటారు. ఈ రోడ్ల మీద పక్క ఎక్కడుంది? మెయిన్ రోడ్డు అంచున ఆపితే వెనక బస్సుకు మీరే అడ్డం. బస్ స్టాపు ముందు, నారాయణగూడ ఫ్లైఓవర్ మీద, స్టీల్ బ్రిడ్జి మీద, మెట్రో పిల్లర్ పక్కన ఆపనే వద్దు. పెట్రోల్ బంకులోకి దూరి మాట్లాడడమూ తప్పే. ఎడమకు ఇండికేటర్ వేసి, మొదట వచ్చిన గల్లీలోకి తిప్పండి. త్యాగరాయ గానసభ వైపు గానీ, లైబ్రరీ వెనక వైపు గానీ, ఏదైనా సరే. నాలుగు ఇళ్లు లోపలికి పోయి, స్టాండు వేసి, ఇంజన్ ఆపి, అప్పుడు ఫోన్ తీయండి. కాళ్లు నేల మీద ఆనించి, ఇంజన్ నడుస్తుండగా మాట్లాడితే మాట పూర్తికాకముందే బండి కదులుతుంది. రోజూ పోయే దారిలో ఇలాంటి రెండు మూడు గల్లీలు ముందే చూసి పెట్టుకోండి.

9. వెనక ఎవరైనా ఉంటే ఫోన్ వాళ్లకు ఇవ్వండి. స్కూలు నుంచి తెచ్చుకునే కూతురికైనా ఇవ్వవచ్చు, కాకపోతే కొంచెం పెద్ద పిల్ల అయి ఉండాలి. "నాన్న బండి నడుపుతున్నడు, ఇంటికి పోయినంక చేస్తడు" అని ఆ పిల్ల చెబితే అవతలివారు ఇంకో మాట పొడిగించరు. ఫోన్‌ను మీ చెవి దగ్గర పెట్టమని మాత్రం అడగకండి. ఆమె ఒక చేత్తోనే మిమ్మల్ని పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది.

10. నడిపేది ఇంకొకరైతే నోరు తెరిచి చెప్పండి.

ఆటో ఎక్కారు. డ్రైవర్ హ్యాండిల్ పక్కన ఫోన్‌లో వీడియో నడుస్తోంది. మీరేం చేస్తారు? చాలామంది తల తిప్పి బయటకు చూస్తారు. "మనకెందుకు, రెండు కిలోమీటర్లే కదా" అనుకుంటారు. ఆ రెండు కిలోమీటర్లలో ప్రాణం మీది కాదా? గట్టిగా కసరనక్కర్లేదు. "అన్నా, వీడియో బంద్ చెయ్యే, భయమైతుంది" అంటే చాలు. తప్పు నీదని అంటే ఎవరైనా ఎదురు తిరుగుతారు, భయమేస్తోందంటే ఎక్కువమంది తగ్గుతారు. ఫోన్ మాట్లాడుతుంటే, "అర్జంటైతే పక్కకు ఆపి మాట్లాడు అన్నా, నాకు తొందర లేదు" అనండి. నిజంగా తొందర ఉన్నా ఆ మాటే అనండి. వినకపోతే, జనం తిరుగుతున్న చోట ఆపించి, అక్కడిదాకా అయిన డబ్బు ఇచ్చి దిగిపోండి. యాప్‌లో బుక్ చేసిన బండి అయితే, రేటింగ్ ఇచ్చే చోట నడుపుతూ ఫోన్ చూశాడని రాయండి. మీ మాట విని ఫోన్ పక్కన పెట్టి ఉంటే, ఆ సంగతి కూడా అక్కడే రాయండి.